రిబ్ మీద ఉన్నది షాపు పేరు, మేకర్ ఎవరో గొట్టాల కింద చూడండి

పోయిన సంచికలో పాత జమీందారీ ఇళ్లల్లో మిగిలిపోయిన విదేశీ డబుల్ బ్యారెల్ తుపాకుల గురించి నాలుగు ముక్కలు రాశాం కదా, దానికి చాలా ఉత్తరాలొచ్చాయి. ఎక్కువమంది అడిగింది రెండే, ఇది ఎవరు చేసింది, ఎంత పలుకుతుంది అని. కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఒక్క మాట ముందే చెప్పాలి, గుర్తులు చూద్దామని తుపాకి చేతిలోకి తీసుకునేటప్పుడు ముందు తెరిచి తూటాలు కూర్చునే రెండు గదులూ ఖాళీగా ఉన్నాయో లేదో కళ్లతో చూసుకోండి, ముప్పై ఏళ్లుగా ఎవరూ ముట్టలేదు అన్న తుపాకి అయినా సరే.

ప్రశ్న: మా తాతగారు కొన్న 12 బోర్ డబుల్ బ్యారెల్ ఇప్పుడు నాన్నగారి లైసెన్స్ మీద ఉంది. గొట్టాల మధ్య పట్టీ మీద "ఆర్.బి. రొడ్డా అండ్ కో., కలకత్తా" అని చెక్కి ఉంది, లైసెన్స్ పుస్తకంలో కూడా మేక్ రొడ్డా అనే రాశారు. విప్పి చూస్తే గొట్టాల కింద కిరీటం బొమ్మ కింద బీపీ, బీవీ అని, వజ్రం ఆకారంలో 12, సి అని, నైట్రో ప్రూఫ్ 1-1/8 ఔన్స్ అని ఉన్నాయి. తెలిసినాయన ఒకరు ఇది లండన్ తుపాకి, చాలా రేటు వస్తుంది అంటున్నారు. ఎంత చెప్పొచ్చు?
– ఒక పాఠకుడు, పార్వతీపురం

జవాబు: మీరు గొట్టాలు విప్పి కింద గుర్తులు రాసి పంపడం చాలా మంచి పని చేశారండి, పది ఉత్తరాల్లో తొమ్మిదింటిలో రిబ్ మీది, అంటే గొట్టాల మధ్య పట్టీ మీది పేరు ఒక్కటే ఉంటుంది, దాంతో సగం కూడా తేలదు.

రొడ్డా అనేది కలకత్తాలో పెద్ద తుపాకుల షాపు. చరిత్ర చదివినవాళ్లకి ఈ పేరు ఇంకో రకంగా తెలుసు, 1914 ఆగస్టు 26న ఆ కంపెనీకి ఓడలో వచ్చిన సరుకులోంచి బెంగాల్ విప్లవకారులు 50 మౌజర్ పిస్టళ్లు, 46 వేల తూటాలు దాటించేశారు, ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు బెంగాల్‌లో జరిగిన దాడుల్లో ఆ మౌజర్లు పోలీసులకి దొరుకుతూనే ఉన్నాయి. అంత సరుకు తెప్పించే షాపు అన్నమాట. అయితే షాపే, ఫ్యాక్టరీ కాదు. అప్పట్లో కలకత్తా, మద్రాస్, బొంబాయి షాపులు ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా బర్మింగ్‌హామ్‌లో ఆర్డర్ ఇచ్చి చేయించుకుని తమ పేరు చెక్కించుకునేవి. రొడ్డా, మాంటన్, లయన్ అండ్ లయన్, వాల్టర్ లాక్, వీటన్నిటి పేర్లతోనూ ఇలాంటి తుపాకులు మన దేశంలో కనిపిస్తాయి. లండన్‌లో ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్ అని 1871లో ఆఫీసర్ల కోసం పెట్టిన కోఆపరేటివ్ ఉంది కదా, వాళ్లూ అంతే, వాళ్ల పేరుతో వచ్చిన మంచి తుపాకులు చాలామటుకు వెబ్లీ అండ్ స్కాట్ వాళ్లు బర్మింగ్‌హామ్‌లో చేసినవే.

ఇక మీ గుర్తులు. కిరీటం కింద బీపీ, బీవీ ఉంటే అది బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో పరీక్ష చేసిన గొట్టం. ఆ ప్రూఫ్ హౌస్ 1813లో పార్లమెంటు చట్టంతో పెట్టింది, ఇంగ్లండ్‌లో ఏ తుపాకి అయినా అమ్మే ముందు అక్కడో లండన్ ప్రూఫ్ హౌస్‌లోనో మామూలు కంటే ఎక్కువ మందు పెట్టి పేల్చి చూసి, తట్టుకుంటేనే ఈ ముద్ర కొడతారు. 1904కి ముందు బర్మింగ్‌హామ్ ముద్ర వేరు, రెండు రాజదండాలు ఒకదానిమీదొకటి ఇంటూ గుర్తులాగా వేసి పైన కిరీటం ఉండేది. మీది అలా కాదు కాబట్టి 1904 తర్వాతది. వజ్రంలో 12, సి ముద్ర 1887 నుంచి 1954 దాకా వాడారు, అది గది 12 బోర్ కాట్రిడ్జ్‌కి సరిపోయేదని చెప్పే గుర్తు. 1925 నుంచి గది పొడవు కూడా అంగుళాల్లో కొట్టడం మొదలుపెట్టారు, మీరు రాసిన గుర్తుల్లో ఆ పొడవు లేదు. అరిగిపోయి కనపడకుండా పోలేదు, నిజంగానే లేదు అని భూతద్దంతో ఒకసారి సరిచూసుకుంటే మీ తుపాకి 1904 నుంచి 1925 లోపుది అని ధైర్యంగా చెప్పొచ్చు. నైట్రో ప్రూఫ్ అని ఉంది కాబట్టి పొగలేని మందుకి కూడా పరీక్ష చేసిందే, 1-1/8 ఔన్స్ అనేది గుళ్ల బరువు పరిమితి.

లండన్ అయితే ముద్రలే వేరుగా ఉంటాయి, కిరీటం కింద జీ, పీ అక్షరాలు అల్లుకుపోయినట్టు ఉంటాయి, పక్కన కిరీటం కింద వీ, నైట్రో పరీక్షకి కత్తి పట్టుకున్న చెయ్యి బొమ్మ. మీది లండన్ తుపాకి అన్న ఆయన రిబ్ చూసి చెప్పారేమో గానీ ముద్రలు చూసి చెప్పలేదు. ఇందులో మీరు తక్కువ చేసుకోవలసిందేమీ లేదు, బర్మింగ్‌హామ్ పనితనం ఆ రోజుల్లో ప్రపంచంలోనే పేరున్న పనితనం, కొన్ని లండన్ షాపులు కూడా అక్కడే చేయించుకునేవి.

అసలు చేసినవాడెవరో పట్టుకోవాలంటే గొట్టాల అడుగున, రెండు గొట్టాలు కలిసే చోట చిన్న అక్షరాలు ఉంటాయి చూడండి, ఇంటిపేరు మొదటి అక్షరాలు రెండు మూడు, అవి గొట్టం పనివాడివో యాక్షన్ (గొట్టాలు వచ్చి బిగిసే, పేల్చే యంత్రం ఉండే భాగం) పనివాడివో అయ్యుంటాయి. పేటెంట్ నంబర్ ఉంటే ఇంకా మంచిది. సైడ్ పలకలు లేకుండా తాళం, అంటే పేల్చే యంత్రం, లోపలే ఇమిడిపోయిన పద్ధతిని బాక్స్‌లాక్ అంటారు, అది వెస్లీ రిచర్డ్స్ దగ్గర పనిచేసిన ఆన్సన్, డీలీ 1875లో పేటెంట్ చేసింది. ఆ పేటెంట్ కాలం అయిపోయాక బర్మింగ్‌హామ్ అంతా అదే చేసింది. మీరు పంపిన ఫోటోలో పలకలు కనపడటం లేదు, మీది బాక్స్‌లాకే.

ఇక రేటు. ఇంగ్లండ్‌లో వేలం పాటల్లో మామూలు బాక్స్‌లాక్, ఎజెక్టర్ (పేల్చిన తూటా గొట్టాన్ని దానంతటదే బయటికి ఎగరేసేది) లేనిది, కొన్ని వందల పౌండ్లకి పోతుంది, ఒక్కోసారి ఇంకా తక్కువకే. ఎజెక్టర్ ఉంటే, పేరున్న మేకర్ అయితే పెరుగుతుంది. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, బాస్ లాంటి లండన్ సైడ్‌లాక్‌లు (తాళం పక్క పలకల మీద ఉండేవి) వేల పౌండ్ల నుంచి మొదలై పైకి పోతాయి, అది వేరే లోకం. కానీ ఆ పౌండ్లని రూపాయల్లోకి మార్చి ఇక్కడ రేటు కట్టకూడదు. 1980ల నుంచి మనకి మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది, ఉన్నవే చేతులు మారుతున్నాయి, అందుకే ఇక్కడ రేటు అక్కడి కంటే ఎక్కువ ఉంటుంది. అయితే కొనేవాళ్లు కూడా తక్కువే, లైసెన్స్ ఉండి అందులో ఇంకో తుపాకికి ఖాళీ ఉన్నవాడే కొనగలడు. వాళ్లలో చాలామందికి గ్రీనర్, వెస్లీ రిచర్డ్స్, వెబ్లీ అండ్ స్కాట్ పేర్లు తెలుసు, రొడ్డా లాంటి షాపు పేరు తెలిసినవాళ్లు తక్కువ. అందుకే నేను అంకె చెప్పను, మీ జిల్లాలోనో విశాఖలోనో లైసెన్స్ ఉన్న డీలర్లు ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూడండి, అమ్మే తొందర లేదని ముందే చెప్పి అడగండి.

గొట్టాలు లోపల శుభ్రంగా ఉన్నాయా లేదా అన్నదే రేటుని మార్చేస్తుంది. వెలుతురు వైపు పెట్టి లోపలికి చూడండి, చిన్న చిన్న నల్లటి గుంటలు కనపడితే తుప్పు తిన్నట్టు. గొట్టాలని కొక్కేనికి వేలాడదీసి చెక్కతో మెల్లగా తడితే గంటలా మోగాలి, మొద్దు శబ్దం వస్తే రిబ్ అతుకు వదిలిందని అర్థం. మూసిన తర్వాత ఊగకూడదు. గొట్టం మీద, ఫోరెండ్ (గొట్టాల కింద ముందు చెయ్యి పట్టుకునే చెక్క) మీద, ట్రిగ్గర్ గార్డ్ వెనక ఉన్న నంబర్లు మూడూ ఒకటేనా చూడండి, ఒక్కటి తేడా ఉన్నా రేటు పడిపోతుంది. మూతి దగ్గర రెండు గొట్టాల మధ్య ఖాళీ కనపడితే ఎవరో కోసి పొట్టి చేశారు, అది పెద్ద నష్టం. తోలు పెట్టె, లోపల షాపు లేబుల్, తాతగారి నాటి బిల్లు, పాత లైసెన్స్ పుస్తకాలు ఏవి ఉన్నా పారేయకండి. నా మటుకు నేను ఒక తుపాకి కథ చెప్పే కాగితాన్నే తుపాకి కంటే జాగ్రత్తగా దాస్తాను.

ప్రశ్న: మాంటన్ అని రాసి ఉన్న డబుల్ బ్యారెల్ ఒకటి అమ్మకానికి ఉందని బ్రోకర్ చెప్పాడు. రెండొందల ఏళ్ల నాటి లండన్ జోసెఫ్ మాంటన్ చేతి పని అంటున్నాడు. కాట్రిడ్జ్ వేసి పేల్చే రకమే, బయట హామర్లు (పేల్చడానికి కొట్టే సుత్తుల్లాంటివి) లేవు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నమ్మొద్దండి. జోసెఫ్ మాంటన్, ఆయన అన్న జాన్ మాంటన్ లండన్‌లో తుపాకి పనిని ఎక్కడికో తీసుకెళ్లిన మహానుభావులు, అందులో అనుమానం లేదు, కానీ జోసెఫ్ చనిపోయింది 1835లో. అప్పటికి బ్రీచ్ (గొట్టాల వెనక వైపు) తెరిచి కాట్రిడ్జ్ వేసే డబుల్ బ్యారెల్ ఇంగ్లండ్‌లో వాడకంలోకే రాలేదు, హామర్లు లేని రకం 1870లలో వాడకంలోకి వచ్చింది. కాబట్టి మీకు చూపించేది కలకత్తా మాంటన్ అండ్ కంపెనీ అమ్మిన తుపాకి అయ్యుంటుంది, అది మంచి షాపే, మంచి సరుకే, కానీ జోసెఫ్ చేతి పని కాదు. లేదా పేరు ఒక్కటే పెట్టుకున్న ఇంకేదో అయ్యుంటుంది.

ఈ రెండో సంగతి మన దగ్గర చాలా ఎక్కువ. లీఎజ్ అని బెల్జియం ఊరు ఉంది, 19వ శతాబ్దంలో లక్షల లెక్కన తుపాకులు చేసి ప్రపంచమంతా పంపింది, చౌకరకాల మీద ఇంగ్లీషు పేర్లు పోలేలా చెక్కడం అక్కడ మామూలు. ముద్ర మాత్రం అబద్ధం చెప్పదు. కోడిగుడ్డు ఆకారంలో గీత, లోపల ఈ, ఎల్, జీ అక్షరాలు, కింద నక్షత్రం ఉంటే అది లీఎజ్. గుడ్డు పైన కిరీటం కూడా ఉంటే 1893 తర్వాతది. బెల్జియంలోనూ మంచి తుపాకులు చేశారు, అందరూ చౌకరకం కాదు, కానీ రిబ్ మీద లండన్ అని ఉండి కింద ఈఎల్‌జీ ఉంటే మాత్రం పేరు గొప్ప ఊరు దిబ్బే. బ్రోకర్‌ని గొట్టాలు విప్పి ఫ్లాట్స్ ఫోటో పంపమనండి, గది దగ్గర గొట్టాల అడుగున చదునుగా ఉండే రెండు పలకలు, వాటి ఫోటో. ఫోటో పంపడానికి నసిగితే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

ఇంకోటి, మద్రాస్ షాపు పేర్లున్న తుపాకులు మన కోస్తా జిల్లాల్లో ఎక్కువ కనపడతాయి. మౌంట్ రోడ్డులో గడియారాల పి. ఓర్ అండ్ సన్స్ అందరికీ తెలుసు, వాళ్లు తుపాకులు కూడా అమ్మారు, కొన్నిటి మీద మద్రాస్ అండ్ రంగూన్ అని రెండు ఊళ్లూ ఉంటాయి. అలాంటిది ఎక్కడైనా చూస్తే చెప్పండి, ముద్రలతో సహా నోట్ చేసుకోవాలని ఉంది.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. ఒక ఎస్టేట్ సేల్‌లో మా ఆయన బయట హామర్లున్న డబుల్ బ్యారెల్ కొన్నారు. డబ్ల్యూ. రిచర్డ్స్ అని ఉంది, గొట్టాల మీద పాము చర్మంలా మెలికల డిజైన్ ఉంది. ఇది ఇంగ్లండ్ వెస్లీ రిచర్డ్స్ అవుతుందా? ఆయన రేంజ్‌కి తీసుకెళ్లి పేలుస్తానంటున్నారు.
– ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: ముందు మీ ఆయన్ని ఆపండి, మిగతాది తర్వాత.

ఆ మెలికల డిజైన్ డమాస్కస్ గొట్టం. ఇనుము, ఉక్కు పట్టీలని కలిపి మెలితిప్పి, ఒక ఊచ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి సుత్తితో కొట్టి అతికిస్తే ఆ గీతలొస్తాయి. చాలా అందమైన పని, బెల్జియంలో వెస్‌ద్ర్ లోయలో ఊళ్లకి ఊళ్లు ఇదే చేసి బతికాయి. కానీ ఆ అతుకుల మధ్య ఎక్కడైనా తుప్పు దాక్కుని ఉంటే పైకి తెలియదు. ఇవి పాత తుపాకి మందుకి చేసినవి, ఇప్పుడు షాపులో దొరికే కాట్రిడ్జ్‌లో పొగలేని మందు, దాని ఒత్తిడి వేరే తీరు. గొట్టం పగిలితే పట్టుకున్న ఎడమ చెయ్యి దగ్గరే పగులుతుంది. ఇంకో మాట, చౌకరకాల్లో మామూలు గొట్టం మీదే డమాస్కస్ గీతలు అచ్చు వేసినవి కూడా ఉన్నాయి.

వెస్లీ రిచర్డ్స్ మాత్రం కాదనే అనుకోండి. ఆ కంపెనీ తన పేరు పూర్తిగా వేసుకుంటుంది. డబ్ల్యూ. రిచర్డ్స్ అన్న పేరుతో అమెరికాలో దొరికేవాటిలో ఎక్కువ భాగం న్యూయార్క్ హెచ్. అండ్ డి. ఫోల్సమ్ కంపెనీ బెల్జియం నుంచి తెప్పించి హార్డ్‌వేర్ షాపులకి అమ్మినవి. అప్పుడు అమెరికాలో తుపాకి అంటే మేకులు, గొడ్డళ్లు అమ్మే హార్డ్‌వేర్ షాపులోనే కొనుక్కునేవాళ్లు, పెద్ద పెద్ద హోల్‌సేల్ షాపులు తమకి నచ్చిన పేరు వేయించుకునేవి, ఇంగ్లీషు పేరు ఉంటే రైతు ఇంకో రెండు డాలర్లు ఎక్కువిచ్చేవాడు. ఈఎల్‌జీ ముద్ర కోసం చూడండి. బెల్జియం అన్న మాట ఇంగ్లీషులో కొట్టి ఉంటే 1891 నుంచి వచ్చిందని అనుకోవచ్చు, ఎందుకంటే 1890లో వచ్చిన మెకిన్లీ టారిఫ్ చట్టం దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలంది.

డబ్బు సంగతికొస్తే ఇలాంటివి అక్కడ గోడకి తగిలించే వస్తువుగా నూరు నుంచి మూడొందల డాలర్ల మధ్య పోతాయి, స్థితి బాగోకపోతే అంతకంటే తక్కువే. మీరు ఎక్కువ పెట్టి ఉంటే బాధపడకండి, ఎర్ర వాల్‌నట్ చెక్క, హామర్ల మీద చెక్కిన పని బాగుంటే హాల్లో చూడ్డానికి బాగుంటుంది. 1898 చివరి లోపు తయారైందని తేలితే అమెరికా ఫెడరల్ చట్టంలో అది యాంటిక్ కిందకి వస్తుంది, అయినా మీ రాష్ట్రం రూల్ చూసుకోండి.

ప్రశ్న: 12 బోర్ తుపాకిలో 12 బోర్ తూటా ఏదైనా వేయొచ్చు కదా? మా దగ్గర 1930ల నాటి ఇంగ్లీషు గన్ ఉంది.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వేయకూడదు. ఆ కాలం ఇంగ్లీషు గన్లలో ఎక్కువ వాటి గది రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఎక్కువగా దొరికేది 70 మిల్లీమీటర్ల కాట్రిడ్జ్. చిక్కేంటంటే అది లోపలికి సులువుగానే దిగుతుంది, ఎందుకంటే పేల్చాకే మూతి విచ్చుకుని పొడవవుతుంది, అప్పుడు చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. మీది 1925 తర్వాతదే కాబట్టి గది పొడవు గొట్టాల కింద కొట్టే ఉంటుంది, చదివి దానికి సరిపోయేదే అడగండి. ఎంత మంచి మేకర్ అయినా ఈ విషయంలో మినహాయింపు లేదు.

ప్రశ్న: పాత తుపాకి గొట్టాలు నల్లగా మురికిగా ఉన్నాయి. పాలిష్ కొట్టించి కొత్తగా చేస్తే ఎక్కువ రేటు వస్తుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: దయచేసి ఆ పని చేయించకండి. బఫ్ చక్రం మీద పెడితే చెక్కిన పూలు, షాపు పేరు అరిగిపోతాయి, ప్రూఫ్ ముద్రలు మసకబారతాయి, గొట్టం గోడ పలచబడుతుంది. కేస్ హార్డెనింగ్ రంగులు, అంటే యాక్షన్ మీద నీలం, గోధుమ మచ్చల్లా కనపడేవి, ఒకసారి పోతే మళ్లీ రావు, తెలిసినవాడు వాటి కోసమే ఎక్కువిస్తాడు. మెత్తటి గుడ్డతో పలచగా నూనె రాయండి, తోలు పెట్టెలో ఏళ్ల తరబడి ఉంచకండి, తోలు తేమ పీల్చి లోహానికి అంటిస్తుంది. చెక్కకి చెదలు రాకుండా గోడకి ఆనించకుండా పెట్టండి.

ప్రశ్న: నాన్నగారు పోయారు. ఆయన పేర రెండు తుపాకులున్నాయి, నా పేర ఒకటి ఉంది. వాటిలో ఒకటి వందేళ్లు దాటిన ఇంగ్లీషు డబుల్ బ్యారెల్. వందేళ్లు దాటితే యాంటిక్ కాబట్టి లైసెన్స్ అక్కర్లేదని మా బంధువు అంటున్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు అక్కడికి పంపమంటున్నాడు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ బంధువు మాట వినకండి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు నమూనాకి, పురాతన విలువ ఉన్నదానికి మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అది రిపేరు చేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరాని స్థితిలో ఉన్నదానికే. మీ 12 బోర్ కాట్రిడ్జ్ వేస్తే పేలుతుంది, కాబట్టి ఎన్నేళ్లదైనా లైసెన్స్ కావాల్సిందే.

మొదట చేయాల్సింది, నాన్నగారి తుపాకులు రెండూ ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవడం. లైసెన్స్ ఆయనతోనే పోయింది, ఇంట్లో ఉంచుకుంటే తప్పు మీ మీదకి వస్తుంది. రసీదులో నంబరు, మేకు, ముద్రలు, చెక్క మీద గీతలు, పెట్టె ఉంటే అది కూడా రాయించండి, ఫోటోలు తీసుకోండి, మాల్‌ఖానాలో (స్టేషన్‌లో సొత్తు దాచే గదిలో) ఒకదానికొకటి మారకుండా ఉంటుంది. తర్వాత వారసుడి కింద లైసెన్స్ కోసం దరఖాస్తు చేయండి, 2016 రూల్స్‌లో వారసులకి ప్రత్యేకంగా వీలుంది. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులే ఉండాలి, వారసత్వంగా వచ్చినా అంతే. మీకు ఇప్పటికే ఒకటి ఉంది కాబట్టి ఒక్కటే తీసుకోగలరు. అమ్మగారో, అర్హత ఉన్న ఇంకో వారసుడో రెండోదానికి దరఖాస్తు చేస్తే ఇంగ్లీషు తుపాకి ఇంట్లోనే ఉంటుంది, నా సలహా అదే, మీరు దాన్ని ఉంచుకుని కొత్తది వదులుకోండి.

తమ్ముడికి పంపడం అంత తేలిక కాదు. ఆయుధం దేశం దాటాలంటే ఎగుమతి అనుమతి వేరే కావాలి, పైగా వందేళ్లు దాటి చారిత్రక విలువ ఉన్న వస్తువులు బయటికి పోకుండా 1972 పురావస్తువుల చట్టం అడ్డుంది.

అమ్మదలుచుకుంటే లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారా అమ్మడం తేలిక. ఇంకో లైసెన్స్‌దారుడికి నేరుగా అమ్మాలంటే ముందు తుపాకి మీ లైసెన్స్ మీదకి రావాలి, ఆ తర్వాత జిల్లా మేజిస్ట్రేట్‌కో మీ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాకే అప్పగించాలి. ఆ 45 రోజుల్లో కొనేవాణ్ణి డీలర్ దగ్గర గొట్టాలు విప్పించి ముద్రలన్నీ చూసుకోమనండి, రేటు మీద గొడవ తర్వాత రాదు.